పైకప్పు నుంచి నేలకు: తాఊల్ ఊరి సాంత్ క్లిమెన్ చర్చి
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాత చర్చి గురించి చెప్పేవాళ్లు మామూలుగా గుమ్మం దగ్గర మొదలుపెట్టి బలిపీఠం దగ్గర ఆగుతారు. ఇవాళ మనం కప్పు మీద మొదలుపెట్టి నేలకు దిగుదాం. కొండ ఊరి కట్టడాన్ని చదవడానికి అదే సరైన వరస అని నా ఉద్దేశం. అక్కడ మేస్త్రీ చేసిన ప్రతి పని వెనకా మంచు ఉంటుంది, ఆ మంచు కరిగి దిగే నీళ్లుంటాయి. కప్పు సంగతి ముందు తేలితేనే గోడ మందం తేలుతుంది, స్తంభాల లావు తేలుతుంది, చివరికి బొమ్మలు ఎక్కడ వేయాలో కూడా తేలుతుంది.

మనం తీసుకున్న చర్చి స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, పిరెనీ కొండల్లో ఉంది. వాల్ దె బోయి అనే లోయ. నొగేరా దె తోర్ అనే ఏరు దాని గుండా పారుతుంది. అందులో సుమారు 1,500 మీటర్ల ఎత్తున తాఊల్ అనే చిన్న ఊరు. ఊరి దిగువ అంచున సాంత్ క్లిమెన్, ఊరి నడుమ సాంతా మరియా, ఒకే ఊరికి రెండు పెద్ద చర్చిలు. ఈ లోయలోనే ఎరీల్ లా వాల్, బోయి, బర్రువేరా, దుర్రో, కర్దెత్, కోల్ ఊళ్లలో మరికొన్ని ఉన్నాయి. ఎనిమిది చర్చిలు, దుర్రో ఊరి పైన కొండ మీద ఒక చిన్న ప్రార్థనాలయం, మొత్తం తొమ్మిదింటిని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది.

మధ్యయుగపు పల్లె చర్చిలకు సాధారణంగా తేదీ దొరకదు. శైలి చూసి, రాతి పని చూసి, ఒక యాభై ఏళ్లు అటూ ఇటూగా చెప్పాల్సి వస్తుంది. సాంత్ క్లిమెన్‌కు రోజుతో సహా దొరికింది. లోపల ఒక స్తంభానికి పూసిన గార మీద లాటిన్‌లో రాసి పెట్టారు. 1123వ సంవత్సరంలో, డిసెంబరు నెల ఈదుస్‌కు నాలుగో రోజున, బార్బాస్త్రో బిషప్ రామోన్ వచ్చి ఈ చర్చిని క్లెమెంట్ అనే అమరుడి పేర ప్రతిష్ఠించాడనీ, బలిపీఠంలో కొర్నేలియస్ అనే అమరుడి అవశేషాలు ఉంచాడనీ ఆ రాత చెబుతుంది. రోమన్ లెక్కలో డిసెంబరు ఈదుస్ అంటే 13వ తేదీ. ఆ రోజును కూడా కలుపుకుని వెనక్కి నాలుగు లెక్కపెడితే 10వ తేదీ వస్తుంది. మరునాడు, 11న, అదే బిషప్ అదే ఊళ్లో సాంతా మరియాను ప్రతిష్ఠించాడు. ఇలాంటి కొండదారిలో, డిసెంబరు చలిలో బిషప్ వచ్చాడంటే ఒక్క ప్రయాణంలో రెండు పనులూ ముగించుకుని వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత చిన్న ఊళ్లో రెండు చర్చిలకు డబ్బు ఎక్కడిది? ఈ లోయ ఎరీల్ ప్రభువులది. అరగాన్ రాజు మొదటి అల్ఫోన్సో ముస్లిం పాలకుల మీద చేసిన దండయాత్రల్లో వాళ్లు రాజు పక్షాన పోరాడారు. 1118లో సారగోసా నగరం రాజు చేతికి వచ్చింది. దాని కొల్లసొమ్ములో వీళ్లకూ వాటా దక్కింది. ఐదేళ్లకు తాఊల్‌లో ప్రతిష్ఠలు జరిగాయి. తరవాతి శతాబ్దాల్లో లోయకు ఆ ప్రాముఖ్యం పోయింది, పాతవి కూల్చి గోథిక్ పద్ధతిలో కొత్తవి కట్టే స్తోమత రాలేదు. ఆ పేదరికం వల్లే 12వ శతాబ్దపు కట్టడాలు మనకు మిగిలాయి.

ఇక కప్పు.

కొత్తగా పడిన మంచు బరువు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు. కొన్ని వారాలు అణిగితే 250, 300 అవుతుంది. వసంతం ముందు తడిసి ముద్దయినప్పుడు 400 దాటుతుంది. అంటే కప్పు మీద ఒక మీటరు మంచు అణిగి కూర్చుంటే చదరపు మీటరుకు 300 కిలోలు అదనంగా పడినట్టు. దాని కింద పలకరాయి కప్పు ఉంటుంది. పలక మందం సెంటీమీటరున్నర అనుకుందాం. ఏ చోట చూసినా రెండు మూడు పలకలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి పలకల బరువే చదరపు మీటరుకు 80 నుంచి 120 కిలోలు. ఈ మొత్తాన్ని మోయడానికి ఆ రోజుల్లో రెండు దారులున్నాయి.

ఒకటి, రాతి కమానును సొరంగంలా పొడవునా లాగి కట్టడం. ఇదే లోయలో బర్రువేరా చర్చి అలాంటిది: ఒకే గది, పైన రాతి కప్పు. నిప్పుకు భయం లేదు, పాట బాగా మోగుతుంది. కానీ 30 సెంటీమీటర్ల మందాన రాయి వేస్తే దాని సొంత బరువే చదరపు మీటరుకు 700 కిలోల దాకా ఉంటుంది. పైన నింపుడుతో కలిపితే టన్ను. పైగా కమాను ఊరికే కిందికి మాత్రమే నొక్కదు, పక్కలకు తోస్తుంది. ఆ తోపుకు గోడలు బయటికి ఒరగకుండా ఉండాలంటే గోడ బాగా మందంగా ఉండాలి, గది ఇరుకుగా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి.

రెండోది కర్ర కప్పు. తాఊల్‌లో ఇదే చేశారు. దూలాలు, వాసాలు, వాటి మీద పలకరాళ్లు. అడ్డదూలం రెండు చివరలనూ పట్టి ఉంచుతుంది కాబట్టి గోడ మీద పక్కతోపు దాదాపు ఉండదు, బరువు నిట్టనిలువుగా దిగుతుంది. ఇందులో ఇబ్బంది దూలం పొడవు. కొండ మీద పెరిగే దేవదారు జాతి చెట్టు నుంచి తిన్నగా, మంచు బరువుకు కుంగకుండా నిలిచే దూలం కొంత పొడవు వరకే దొరుకుతుంది. అందుకే లోపలి స్థలాన్ని మూడు వరసలుగా చీల్చారు. నడుమ వెడల్పు వరస, అటూ ఇటూ ఇరుకు వరసలు. మధ్యలో గుండ్రటి స్తంభాలు, పక్కకు మూడేసి, వాటిని కలుపుతూ అర్ధవృత్తపు కమానులు. ఆ కమానుల మీది గోడలు వాసాలకు నడిమి ఆసరా.

ఈ స్తంభాలను గమనించండి. ఒకే రాయితో చెక్కినవి కావు, చిన్న రాళ్లు వరసలుగా పేర్చి గుండ్రంగా తెచ్చినవి. పైన ఆకులూ మృగాలూ చెక్కిన శిఖరభాగం లేదు. రంపపు పళ్లలాంటి ఒక సన్నటి అంచు, అంతే. రాతి కప్పు అయితే ఇంత సన్నటి స్తంభాలు చాలవు. కర్ర కప్పు ఎంచుకున్నందుకే లోపల ఇంత చోటు దక్కింది. మూడు వరసలనూ కలిపి ఒకే రెండు వాలుల కప్పు వేశారు కనుక నడిమి వరస గోడల పైభాగంలో కిటికీలు పెట్టే వీలు పోయింది. అందుకే లోపల చీకటి ఎక్కువ. వెలుగు పడమటి గోడ నుంచి, తూర్పు చివర సన్నటి కిటికీల నుంచి వస్తుంది. అది ఏదో ఆధ్యాత్మిక ఉద్దేశంతో చేసిన చీకటి అని పుస్తకాల్లో రాస్తుంటారు. నేనైతే ముందు కప్పు వాలు చూడమంటాను.

(సభ నుంచి ప్రశ్న: కర్ర కప్పు కాలిపోదా? 900 ఏళ్లు ఎలా నిలిచింది?)

నిలవలేదు. కర్ర కప్పు మార్చుకుంటూ పోవాల్సిందే. గోడ 12వ శతాబ్దానిది, కమానులు ఆ కాలానివే, దూలాలు మాత్రం ఎన్నోసార్లు మారి ఉంటాయి. ఇలాంటి కప్పు ఎక్కడ చెడుతుందో చెబుతాను. దూలం నడుమ విరగడం అరుదు. గోడలోకి దూరిన కొన దగ్గర కుళ్లుతుంది. రాయి చల్లగా ఉంటుంది, లోపలి గాలిలోని తడి అక్కడ చేరుతుంది, చూరు దగ్గర పలక ఒకటి జారితే నీళ్లూ అక్కడికే వస్తాయి. బయటికి దూలం దిట్టంగా కనిపిస్తుంది, గోడలోపలి అరమూర పిండైపోయి ఉంటుంది. సన్నటి బరమాతో తొలిచి పొడి చూడాలి. పొడి లేతరంగులో, పొడిపొడిగా వస్తే మంచిది. గోధుమరంగులో మెత్తగా వస్తే కొన పోయినట్టే. బాగు చేసేటప్పుడు కొత్త కొన చుట్టూ గోడలో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, గాలి ఆడాలి. మేస్త్రీలు శుభ్రంగా కనిపించాలని ఆ సందును సిమెంటుతో మూసేస్తారు. మళ్లీ కథ మొదటికి వస్తుంది.

ఇంకొకటి. ఇంత మంచు పడేచోట చూరుకు నీటి తొట్టె బిగిస్తే ఒక్క చలికాలంలో ఊడిపోతుంది. మంచు పలకగా జారి వస్తూ దాన్ని పెరికేస్తుంది. చూరును ముందుకు చాచి, నీళ్లు గోడకు దూరంగా పడేలా చేసి, కింద రాళ్లు పరచిన కాలువతో పక్కకు తరలించడమే మంచి పద్ధతి. ఇక్కడ వాలు రెండూ ఉత్తర దక్షిణాలకు ఉన్నాయి కాబట్టి జారిన మంచు పొడుగు గోడల పక్కన పడుతుంది. తూర్పున ఉన్న ఆప్స్‌ల మీద, అంటే బలిపీఠం వెనక అర్ధవృత్తంగా బయటికి పొడుచుకొచ్చిన భాగాల మీద పడదు. వాటి కప్పులు తక్కువ ఎత్తున ఉంటాయి. పైకప్పు మంచు వాటి మీద కూలితే పలకలు పగిలేవి, లోపలి బొమ్మలు నానేవి. అయితే ఉత్తరపు గోడ పక్కన పడ్డ గుట్టకు ఎండ తగలదు. వారాల తరబడి అది మెల్లగా కరుగుతుంది, గోడ పాదం తడిసే ఉంటుంది. పాత చర్చిలో ఎక్కడికి వెళ్లినా ముందు ఉత్తరపు గోడ కింది మీటరు తడిమి చూడండి.

గోడలోకి వద్దాం. బయట ఒక వరస, లోపల ఒక వరస సుత్తితో సరిచేసిన చిన్న రాళ్లు, నడుమ ముక్కరాళ్లూ సున్నపు గచ్చూ. ఇలాంటి మూడు పొరల గోడకు ప్రాణం నడిమి గచ్చు. నీళ్లు పైనుంచి లోపలికి దిగితే అందులోని సున్నం ఏళ్ల తరబడి కొట్టుకుపోతుంది, ముక్కరాళ్లు కిందికి జారి కూర్చుంటాయి, బయటి వరసను పొట్టలా బయటికి తోస్తాయి. గోడ ఉబ్బితే పునాది కుంగిందని తొందరపడకండి. చాలాసార్లు తప్పు పైన ఉంటుంది.

రాళ్ల సందులు నింపే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పాత చర్చిలకు మంచు కన్నా ఎక్కువ హాని 20వ శతాబ్దపు సిమెంటు చేసింది. సున్నపు గచ్చు మెత్తగా ఉంటుంది, తడిని పీల్చి వదులుతుంది. గోడలోని నీరు సందుల గుండా ఆరిపోతుంది. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోతుంది, నీరు రాయిలోంచే బయటపడాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఊళ్లో రాయి ముఖం పొరలు పొరలుగా లేచిపోతుంది, సిమెంటు గీతలు మాత్రం ఎముకల్లా నిలబడి ఉంటాయి. సిమెంటులోని లవణాలు కూడా రాయిలోకి దిగి స్ఫటికాలై లోపలినుంచి తోస్తాయి.

సరైన పద్ధతి ఇది. పాడైన గచ్చును ఉలితో, చేతితో తీయాలి. తిరిగే రంపం వాడితే రాతి అంచులు తెగుతాయి. లోతు కనీసం సందు వెడల్పుకు రెట్టింపు, రెండున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు. దుమ్ము కడిగి, రాయి తడిగా ఉండాలి కానీ నీళ్లు నిలవకూడదు. నానబెట్టిన సున్నం ఒక పాలు, పదునైన గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు. ఇంత ఎత్తున, చలి త్వరగా వచ్చేచోట ఉత్త సున్నం గట్టిపడటానికి టైము చాలదు, కాబట్టి నీటిలోనూ గట్టిపడే రకం సున్నం వాడటం మేలు. లోతైన సందును ఒకేసారి నింపకుండా రెండు మూడు విడతల్లో గట్టిగా కూరాలి. వారం రోజులు తడిగుడ్డలు కప్పి ఉంచాలి. గాలి వేడి 5 డిగ్రీల లోపు ఉంటే పని మొదలుపెట్టకూడదు. మొదటి గడ్డకట్టే రాత్రికి ముందు కనీసం రెండు మూడు నెలల వ్యవధి ఉండాలి. అంటే ఇలాంటి ఊళ్లో సందుల పని వేసవి మొదట్లోనే. సెప్టెంబరులో మొదలుపెట్టిన పని మరుసటి ఏడాది ఏప్రిల్‌కు ఇసుకై రాలుతుంది.

ఇప్పుడు గంటగోపురం. ఫొటోల్లో అందరూ గుర్తుపట్టేది ఇదే. చర్చి ఆగ్నేయపు మూలన చదరపు ఆకారంలో, కింద పీఠం, దాని మీద ఆరు అంతస్తులు. కింద సన్నటి కిటికీ, పైకి పోయేకొద్దీ జంట కిటికీలు, ఒక అంతస్తులో మూడు కిటికీలు కలిసి ఉంటాయి. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య చిన్న చిన్న గుడ్డి కమానుల (ఖాళీ లేకుండా గోడకు అంటి ఉండేవి) వరస, దాని పైన రంపపు పళ్ల అంచు, మూలల్లో నిలువు పట్టీలు. ఇది ఉత్తర ఇటలీలోని లొంబార్డీ మేస్త్రీల పద్ధతి. 11వ శతాబ్దంలోనే కాటలోనియాకు చేరింది, ఈ లోయలో 12వ శతాబ్దంలో కూడా అదే కొనసాగింది. అంటే నగరాల్లో పాతబడిన పద్ధతిని కొండల్లో పూర్తి నేర్పుతో కట్టారు.

కిటికీలు పైకి పోయేకొద్దీ పెరగడం అందానికి మాత్రమే కాదు. 20 మీటర్ల ఎత్తు రాతి గోడ తన పాదం మీద చదరపు సెంటీమీటరుకు నాలుగు నుంచి ఐదు కిలోల బరువు మోపుతుంది. రాయికి అది లెక్క కాదు, కానీ కింది నేలకు లెక్కే. పైన ఖాళీలు పెంచితే బరువు తగ్గుతుంది, గంట శబ్దం కూడా బయటికి పోతుంది. జంట కిటికీ నడుమ ఉండే చిన్న స్తంభం సన్నగా ఉంటుంది, గోడేమో మందంగా ఉంటుంది. అందుకని స్తంభం తలమీద, గోడ మందం పొడవునా ముందుకూ వెనక్కూ చాచిన ఒక రాతిముక్క పెడతారు. మొత్తం కమాను బరువు దాని మీదుగా సన్నటి స్తంభంలోకి దిగుతుంది. గోపురం కింద నిలబడి చూస్తే ఈ ముక్కలు చీకట్లో కలిసిపోతాయి. దుర్బిణితో చూడండి, వాటి మీదే కట్టడం ఆధారపడి ఉంది.

గోపురం బరువు ఎక్కువ, పక్కన చర్చి గోడ బరువు తక్కువ. రెండూ ఒకే తీరుగా కుంగవు. అవి కలిసేచోట నిలువు పగులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది చాలావరకు వందల ఏళ్ల నాటిదే అయి ఉంటుంది. పగులు మీద గాజుముక్కనో కొలత గుర్తునో అతికించి కనీసం ఒక పూర్తి సంవత్సరం చూడాలి. ఎండాకాలం మూసుకుని చలికాలం తెరుచుకుంటే అది వేడిమి చలనం. ఏడాది పొడవునా ఒకే వైపు పెరుగుతుంటేనే ఇంజినీరును పిలవాలి. ఆ మూలలో నిజమైన ప్రమాదం కప్పు గోపురానికి ఆనే చోట నిలిచిపోయే మంచు.

ఇక ఆప్స్. తూర్పున మూడున్నాయి, నడిమిది పెద్దది. కర్ర కప్పు చర్చిలో ఇవి మాత్రం రాతితో, పావుగోళంగా మూశారు. వెడల్పు తక్కువ కనుక పక్కతోపు కొంచెమే, అర్ధవృత్తపు గోడ దాన్ని తేలిగ్గా భరిస్తుంది. బొమ్మల్లో అతి ముఖ్యమైనదాన్ని ఇక్కడే వేశారు. కాలినా కారినా తట్టుకునే కప్పు ఇదొక్కటే కదా.

నడిమి ఆప్స్‌లో బాదంకాయ ఆకారపు వలయంలో క్రీస్తు కూర్చుని ఉంటాడు. కుడిచేయి దీవిస్తూ, ఎడమచేతిలో తెరిచిన పుస్తకం, దాని మీద లాటిన్‌లో "ఏగో సుమ్ లుక్స్ ముండి", నేను లోకానికి వెలుగును అని. భుజాలకు అటూ ఇటూ గ్రీకు లిపిలో మొదటిదీ చివరిదీ అయిన ఆల్ఫా, ఒమేగా అక్షరాలు వేలాడుతుంటాయి. చుట్టూ నలుగురు సువార్తికుల, అంటే క్రీస్తు కథ రాసినవాళ్ల గుర్తులు. సింహం వెనక కాలినీ, ఎద్దు తోకనూ దేవదూతలు పట్టుకుని ఉంటారు, అంత గంభీరమైన చోట ఆ చొరవ నాకు చాలా ఇష్టం. కింది వరసలో కమానుల కింద మరియ, అపొస్తలులు నిలబడి ఉంటారు, తలల పైన పేర్లు రాసి ఉంటాయి. మరియ చేతిలో ఎర్రటి కిరణాలు చిమ్మే ఒక పాత్ర. పక్క కమాను మీద బైబిలు కథలోని బిచ్చగాడు లాజరు పుండ్లు నాకుతున్న కుక్క. వేసినవాడి పేరు తెలియదు, తాఊల్ ఆచార్యుడని పిలుస్తారు.

పద్ధతి చూద్దాం. గోడకు గరుకు గార, దాని మీద సన్నటి సున్నపు పూత. అది తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు వేస్తే, ఆరేటప్పుడు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, రంగు అందులో బందీ అవుతుంది. ఆ కాలపు చిత్రకారులు పరంజా ఎత్తును బట్టి పైనుంచి అడ్డపట్టీలుగా పూత వేసుకుంటూ దిగేవారు. పైన మొదలుపెడితే కారిన రంగు పూర్తయిన బొమ్మను పాడుచేయదు. పట్టీ పెద్దది కాబట్టి అన్నీ తడిమీద పూర్తి కావు. ముఖాల వెలుగు గీతలు, బట్టల ముడతల మెరుపులు చాలావరకు ఆరిన తరవాత వేసినవి. ముందుగా రాలిపోయేవీ అవే. ఈ చిత్రంలోని నీలం రంగు చాలామంది అనుకున్నట్టు దూరదేశాల నుంచి తెచ్చిన రాజావర్తం అనే నీలిరాయి కాదు. ఏరినైట్ అనే ఖనిజం, పిరెనీ కొండల్లోనే దొరుకుతుంది.

ఇప్పుడు మీరు తాఊల్ వెళితే ఈ చిత్రం గోడ మీద ఉండదు. బార్సెలోనాలో, కాటలోనియా జాతీయ కళా మ్యూజియంలో ఉంటుంది. దాని కథ 1907లో మొదలవుతుంది. ఆ ఏడాది కాటలోనియా అధ్యయన సంస్థ తరఫున ఆర్కిటెక్ట్ జుజెప్ పుచ్ ఇ కదఫాల్క్, ఫొటోగ్రాఫర్ అదోల్ఫ్ మాస్ తదితరులు ఈ కొండల్లో తిరిగి చర్చిలను కొలిచి, ఫొటోలు తీశారు. ఎరీల్ లా వాల్‌లో సిలువ నుంచి క్రీస్తును దించే చెక్క శిల్పాల గుంపు బయటపడింది కూడా అప్పుడే. ఫొటోలు అచ్చయ్యాక పండితులతో పాటు పురాతన వస్తువుల వ్యాపారులూ చూశారు. 1919లో సాంతా మరియా దె ముర్ అనే చర్చి ఆప్స్ చిత్రాన్ని ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్లు గోడ నుంచి ఊడదీస్తున్నట్టు బయటపడింది. వాళ్ల పెద్ద ఫ్రాంకో స్తెఫనోని. ఆ చిత్రం 1921లో అమెరికాలోని బోస్టన్ మ్యూజియానికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మిగిలినవైనా దక్కాలంటే వేరే దారి లేదని బార్సెలోనా మ్యూజియంల మండలి అదే పనివాళ్లను పెట్టుకుని 1919 నుంచి 1923 వరకు లోయలోని చిత్రాలను తీయించింది. జువాకిం ఫోల్క్ ఇ తోర్రెస్ దాన్ని నడిపించాడు.

వాళ్ల పద్ధతి పేరు స్త్రాప్పో. ముందు చిత్రం మీది దుమ్ము తీస్తారు. పశువుల చర్మం, ఎముకల నుంచి కాచిన జిగురును వేడిగా పూసి పలుచటి నూలుగుడ్డను ముక్కలు ముక్కలుగా, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా అతికిస్తారు. దాని మీద ఇంకో వరస మందం గుడ్డ. జిగురు ఆరుతూ బిగుసుకుంటుంది, ఆ బిగువుకు రంగు పొర గారనుంచి విడుతుంది. అంచుల్లో కత్తితో గీసి, కింది నుంచి పైకి నెమ్మదిగా లాగుతారు. వచ్చేది మిల్లీమీటరు కూడా లేని పొర. దాన్ని చుట్టగా చుట్టి, పెట్టెల్లో పెట్టి, కంచరగాడిదల మీద కొండ దించారు. బార్సెలోనాలో చుట్ట విప్పి, వెనకవైపు అంటిన సున్నాన్ని సమంగా గీకి, పాల విరుగుడులోని కేసీన్‌నూ సున్నాన్నీ కలిపిన జిగురుతో కొత్త గుడ్డ అతికించారు. అది ఆరాక నీటికి కరగదు. ముందువైపు చర్మపు జిగురు మాత్రం వేడినీటికి కరుగుతుంది. ఈ ఒక్క తేడా మీదే పద్ధతంతా నడుస్తుంది.

గోడ తడిగా ఉంటే ముందు జిగురు ఆరదు, బూజు పడుతుంది. జిగురు మరీ చిక్కనైతే గారను కూడా పెళ్లలుగా లాగుతుంది. ఆరిన తరవాత వేసిన మెరుపులు కొన్ని కడుగుడులో పోతాయి. ఆప్స్‌లో ఇంకో చిక్కు ఉంది: పావుగోళాన్ని చదునైన గుడ్డ మీదికి తేవాలి, మళ్లీ గోళంగా నిలబెట్టాలి. అందుకని మ్యూజియంలో అదే కొలతల్లో, సుమారు 6.2 మీటర్ల ఎత్తు, 3.6 మీటర్ల వెడల్పున కర్ర చట్రాలు చేయించి దాని లోపల బిగించారు. మ్యూజియానికి వెళితే ముందు నుంచి చూసి వచ్చేయకండి. చుట్టూ తిరిగి దాని వెనక్కి వెళ్లి ఆ కర్రపని చూడండి, పడవ తయారుచేసే చోట నిలబడినట్టుంటుంది.

(సభ నుంచి ప్రశ్న: అయితే చర్చిలో ఇప్పుడు ఏముంది?)

1960 ప్రాంతంలో ఆప్స్‌లో నకలు చిత్రం వేయించారు. చాలా ఏళ్లు యాత్రికులు చూసింది దాన్నే. 2013లో దాన్ని తీసేశారు. పొర ఊడదీసిన గోడ మీద రంగు ఛాయ కొంత మిగిలే ఉంటుందని ముందే చెప్పాను కాబోలు, చెప్పలేదా? మిగులుతుంది. పైపొర వెళ్లినా గారలోకి ఇంకిన రంగు, తొలి గీతలు ఉంటాయి. నకలు తీశాక ఆ మూలచిత్రపు జాడలు బయటపడ్డాయి. ఇప్పుడు వాటి మీద వెలుగుతో చిత్రాన్ని ప్రసరిస్తారు. పదినిమిషాల్లో గీత గీతగా చిత్రం నిండుతుంది, తరవాత ఆగిపోయి ఖాళీ గోడ, మరకలు కనిపిస్తాయి. నకలు కన్నా ఇది నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. రంగుల తీవ్రత మాత్రం కొంచెం ఎక్కువే.

కానీ దీనివల్ల ఒక అపోహ కొనసాగుతోంది. ఆప్స్‌లో బొమ్మ, మిగతా అంతా బోడిరాయి అని. కట్టినప్పుడు లోపల రాయి కనిపించేది కాదు. స్తంభం మీద గార ఉంది కాబట్టే ప్రతిష్ఠ తేదీ రాయగలిగారు. అదే ఊళ్లోని సాంతా మరియాలో మిగతా గోడల మీద కూడా బొమ్మలు ఉండేవి, దావీదు గొల్యాతు తల నరకడం వాటిలో ఒకటి. గత శతాబ్దంలో "రాయి అందం" చూపించాలని పాత చర్చిల్లో గార చెక్కేయడం ఒక మోజుగా సాగింది. దానితో రంగు జాడలు ఎన్ని పోయాయో లెక్కలేదు, గోడకు ఉన్న తొడుగూ పోయింది.

(సభ నుంచి ప్రశ్న: అసలు చిత్రాన్ని తిరిగి చర్చిలో పెట్టవచ్చు కదా?)

అడగాల్సిన ప్రశ్నే. హక్కుల సంగతి వేరే, పదార్థం సంగతి మాత్రం చెబుతాను. ఆ చిత్రం ఇప్పుడు గోడ కాదు. నూలుగుడ్డ, కేసీన్, కర్ర. గోడ మీద ఉన్నప్పుడు చలికాలం తడినీ వేసవి పొడినీ అది రాయితో పాటు భరించేది. గుడ్డ తడికి సాగి పొడికి ముడుచుకుంటుంది, కర్ర ఇంకో తీరుగా కదులుతుంది, రంగు పొర ఆ రెంటికీ మధ్య పగులుతుంది. కేసీన్ బూజుకు మంచి ఆహారం. చర్చి లోపల గాలి తడి ఒక్క రోజులోనే ఎంతో మారుతుంది. తలుపు తెరిస్తే మంచు గాలి, వంద మంది నిలబడితే ఊపిరి తేమ. అక్కడ దాన్ని నిలపాలంటే ఆప్స్ ముందు గాజుగోడ కట్టి, లోపల గాలిని యంత్రాలతో ఒకే తీరున ఉంచాలి. ఆ యంత్రాల కోసం గోడకు రంధ్రాలు చేయాలి, వాటికి ఏడాది పొడవునా కరెంటు ఆగకూడదు. చూరు దగ్గర ఒక్క పలక జారితే ఆ నీరు దిగేది నేరుగా చిత్రం వెనకకే.